పేరయ్యలిద్దరు

1995వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీ, గురువారమునాడు, తెల్లవారకముందే ఢిల్లీలో ఒక దేవాలయమునందు పుట్టిన వార్త, మధ్యాహ్నమగునప్పటికి టెలిఫోను తీగల వెంబడి దేశమంతట ప్రాకి, సముద్రములు దాటి పరదేశములలోని గుళ్లను సైతము చేరి, వినాయకుడు పాలు త్రాగుచున్నాడని పెద్దలను పిల్లలను వీధికెక్కించినది. మా వీధి చివరి గుడియందును నాటి సాయంకాలము చెంచాలతో, గిన్నెలతో, మరచెంబులతో జనము బారులు తీరియుండగా, ఆ బారులో నా ముందు నిలిచిన మా బాబాయిగారు, ముప్పది సంవత్సరములు ఉన్నతపాఠశాలలో రేఖాగణితము బోధించి విశ్రాంతి పుచ్చుకొన్న పెద్దమనిషి, తన వంతు వచ్చినప్పుడు చెంచాడు పాలు తొండమునకు ఆనించి, అవి తరిగిపోవుట కన్నులార చూచి, వెనుకకు తిరిగి నన్నడిగెను: "ఏరా, ఇప్పుడేమంటావు? ప్రాణం లేనిది తాగుతుందిట్రా?"

నేను బదులు చెప్పలేకపోతిని. పాలు ఎచ్చటికి పోయినవో తెలియక కాదు. విగ్రహము పాదములకడ మడుగు కట్టిన తడిని చూచినవారికెల్ల అది తెలియుచునే యుండెను. కేంద్రప్రభుత్వపు విజ్ఞాన సాంకేతిక శాఖకు చెందిన శాస్త్రజ్ఞులు ఢిల్లీ గుడిలో రంగు కలిపిన పాలను అందించి చూచి, ఆ రంగు తొండమునుండి విగ్రహము ముందుభాగముమీదుగా పలుచని పొరగా క్రిందికి జారుటను కనిపెట్టి, ఇది ద్రవముల తలతన్యత చేయు పని యని చెప్పిన సంగతి తరువాత పత్రికలలో వచ్చినది. నన్ను నిలువరించినది ఆ ప్రశ్న నిర్మాణము. త్రాగునదెల్ల ప్రాణము గలది. ఈ విగ్రహము త్రాగినది. కావున ఈ విగ్రహము ప్రాణము గలది. ముప్పది యేండ్లు యూక్లిడును నమ్ముకొని బ్రదికిన మనిషి నోట వెలువడిన ఈ అనుమానమునకు, వరుస చూచినంతవరకు, యూక్లిడు సైతము వంక పెట్టజాలడు. మొదటి వాక్యము నిజమే, రెండవది కూడ ఒక విధముగా నిజమే, ఆ రెండును నిజమైనచో మూడవది తప్పక నిజము కావలసినదే. అయినను అబద్ధము ఎచ్చటనో దూరినది.

ఇంటికి పోవుచు ఆలోచింపగా, అబద్ధము దూరిన కంత 'త్రాగుట' యను చిన్న మాటలో కనబడినది. మన భాషలో కొత్త కుండ నీళ్లు త్రాగును, బీటలు వారిన చేను తొలకరి వానను త్రాగును, గుత్తివంకాయ గిన్నెడు నూనె త్రాగును, పాత బస్సు డీజిలు త్రాగుచున్నదని డ్రైవరు మొరపెట్టుకొనును. వీనిలో దేనికిని ప్రాణప్రతిష్ఠ చేసి ఎవరును కొబ్బరికాయ కొట్టలేదు. 'త్రాగునదెల్ల ప్రాణము గలది' యన్నప్పుడు బాబాయిగారి మనస్సులోనున్నది గొంతుక దిగు గ్రుక్క. 'విగ్రహము త్రాగినది' యన్నప్పుడు ఆయన కన్ను చూచినది చెంచాలో తరిగిన పాలు. మాట ఒకటి, వస్తువులు రెండు.

తర్కములో రెండు వాక్యములను కలిపి మూడవదానిని పుట్టించు మధ్యపదము, మన ఊళ్లలో సంబంధములు కుదుర్చు పెండ్లిండ్ల పేరయ్య వంటిది. పెండ్లి జరుగువరకే అతనితో పని. పందిట పీటలమీద అతడు కూర్చుండడు, శుభలేఖలో అతని పేరుండదు. అట్లే నిగమనములో మధ్యపదము కానరాదు. కాని ఆడపిల్లవారికి మగపిల్లవారిమీద విశ్వాసము కుదురుటకు ఆధారమంతయు అతడే. ఇప్పుడొక చిత్రమును ఊహింపుడు. "పేరయ్యగారు మా వంశాన్ని మూడు తరాలుగా ఎరుగుదురు" అని ఆడపిల్లవారు చెప్పిరి. "పేరయ్యగారే గదండీ మా పిల్లవాణ్ని చిన్నప్పటినుంచీ చూసింది" అని మగపిల్లవారు చెప్పిరి. ఉభయులు సంతసించి తాంబూలములు పుచ్చుకొనిరి. ఆ పేరయ్యది ఏటికి ఈవలి ఊరు, ఈ పేరయ్యది ఏటికి ఆవలి ఊరు అనియు, ఒకరి ముఖమొకరు ఎన్నడును ఎరుగరనియు మూడు ముళ్లు పడిన తరువాత తెలిసినచో, ఎవరు అబద్ధమాడినట్లు? ఎవరును ఆడలేదు, ఇద్దరును నిజమే చెప్పిరి. గ్రీకు దేశమున అరిస్టాటిలు కుతర్కములను ఖండించుటకు వ్రాసిన గ్రంథములో ఇట్టి మోసములను పదుమూడుగా లెక్కించి, అందులో ఆరు భాషవలననే పుట్టునని చెప్పి, ఆ యారింటికి మొదట నిలిపినది ఈ ఒకే పేరుగల ఇద్దరి మోసమునే. తరువాతి యూరపు తార్కికులు దీనికి నాలుగు పదముల దోషమని పేరు పెట్టిరి. మూడు పదములతో నడువవలసిన అనుమానములో నాలుగవది దొంగచాటుగా వచ్చి కూర్చుండుటచేత ఆ పేరు తగినదే.

మన వారికిది తెలియనిది కాదు. గౌతముని న్యాయసూత్రములు తత్త్వనిర్ణయమునకు ఉపకరించు పదునారు పదార్థములను పేర్కొని, అందు హేతువువలె కనబడి హేతువు కానివానిని హేత్వాభాసములనియు, ఎదుటివాని మాటకు అతడు తలపెట్టని అర్థమును అంటగట్టి గెలువజూచుటను ఛలమనియు వేరువేరుగ చెప్పినవి. వాత్స్యాయనుడు ఆ సూత్రములకు వ్రాసిన భాష్యములో, ఛలములందు ఒకటైన వాక్ఛలమునకు ఇచ్చిన ఉదాహరణము నేటికిని నవ్వు పుట్టించును. కొత్త కంబళి కప్పుకొన్న కుఱ్ఱవానిని చూచి ఒకడు 'వీడు నవకంబళుడు' అనగా, ప్రక్కవాడు 'తొమ్మిది కంబళ్లెక్కడివి? ఒక్కటే గదా!' అనునట. నవశబ్దమునకు కొత్త, తొమ్మిది యని రెండర్థములుండుట ఆ గడుసువానికి పెట్టుబడి. ఉపచారచ్ఛలమునకు ఆయన ఇచ్చిన ఉదాహరణము మన రైతులకు మరింత దగ్గరిది: మంచెలు కేకలు వేయుచున్నవనగా, కట్టెలు కేకలు వేయునా యని అడ్డు తగులుట. జొన్నచేని మంచెమీద కూర్చుండి పిట్టలను తోలిన వారెవరికిని ఆ మాటలో సందేహము రాదు. వచ్చినచో అది తెలియకపోవుటవలన కాదు, తెలిసి చేసిన తుంటరితనమువలన.

ఛలము ఎదుటివానిని పడగొట్టుటకు పన్నినది గనుక, ఆ ఎదుటివాడు మేలుకొని యుండి, 'నేనన్నది కొత్త కంబళి' యని ఒక్క మాటతో దానిని త్రుంచివేయగలడు. ఎవడు తన మాటతో తననే వంచించుకొనునో వానికి అడ్డుపడువారెవరును లేరు. బాబాయిగారి అనుమానములో వాదియు ఆయనే, ప్రతివాదియు ఆయనే, మధ్యస్థుడును ఆయనే. ఇందులకు తోడు తెలుగువారికి ద్వ్యర్థిమీద ఒక పురాతనమైన మక్కువ కలదు. పింగళి సూరన రాఘవపాండవీయమును రచించి ఒకే పద్యముచేత రామకథను భారతకథను చెప్పించినాడని మనము నాలుగు శతాబ్దులుగా మురిసిపోవుచున్నాము, మురియవలసినదే. కాని ఒక్క మాట రెండు వైపుల పలుకునప్పుడు ఆహాయని తలయూచుట అలవాటైన చెవి, సంవాదములో అట్టి మాట వినబడినప్పుడు కూడ, ఆలోచింపక ముందే తలయూచుచున్నదేమో యని నాకొక అనుమానము. దీనిని నేను నిరూపింపలేను, అనుమానముగానే వదలుచున్నాను.

రెండర్థముల హేతువును పట్టుకొనుటకు ఒక ఉపాయము మన బాలపాఠ్యములోనే కలదు. తర్కసంగ్రహకర్త అన్నంభట్టు మన తెలుగువాడేనని పెద్దలు చెప్పుదురు. ఆయన బాలురకొరకు వ్రాసిన ఆ చిన్న పుస్తకములో, కొండమీద పొగయున్నది గనుక నిప్పున్నదని సాధించుటకు రెండు విషయములు కావలెనని చూపినాడు. పొగ కొండమీద నిజముగా ఉండవలెను. పొగ యున్నచోటనెల్ల నిప్పు తప్పక యుండవలెను; దీనికే వ్యాప్తి యని పేరు. మొదటిది లేనిచో హేతువు అసిద్ధము, రెండవది తప్పినచో సవ్యభిచారము. రెండర్థములుగల హేతువును తెచ్చి ఈ రెండు గుంజలమధ్య నిలిపి, 'అయ్యా, తమరే పేరయ్యగారు?' అని అడిగినచో, అది ఏ యర్థము చెప్పుకొన్నను ఒక గుంజకు తగులుకొనక తప్పదు. త్రాగుటయనగా గ్రుక్క మ్రింగుట యని చెప్పినచో, అది విగ్రహమునందు లేదు, హేతువు అసిద్ధము. ద్రవము తరుగుట యని చెప్పినచో, అది కుండయందును కలదు, కుండకు ప్రాణము లేదు, హేతువు సవ్యభిచారము. అర్థము చెప్పనంతవరకే దానికి బలము. నేను బ్రదుకులో ఎదుర్కొన్న ఆచారవాదములలో పెక్కింటికి ఈ ఒక్క ప్రశ్నయే చాలినది.

నేటి మూఢవిశ్వాసము వెనుకటివలె 'పెద్దలు చెప్పిరి, నోరు మూసికొమ్ము' అని గద్దింపదు. అది కోటు తొడుగుకొని, శాస్త్రజ్ఞుని మాటలు అరువు తెచ్చుకొని, చిరునవ్వుతో వచ్చును. శక్తికి నాశము లేదని సైన్సే చెప్పుచున్నది, దైవము శక్తి స్వరూపము, కావున దైవము శాశ్వతమని సైన్సే ఒప్పుకొన్నదను వాదమును నేను ఒక పెండ్లి భోజనములో విస్తరి ముందు విన్నాను. తప్పు పూర్తిగా ఆ చెప్పినవారిది కూడ కాదు. మన పాఠ్యపుస్తకములను రచించినవారు కొత్త భావములకు కొత్త మాటలు దొరకక పూజగదిలోని పాత్రలనే ప్రయోగశాలకు తెచ్చిరి; ఎనిమిదవ తరగతి పిల్లవాడు చదువు 'శక్తి నిత్యత్వ నియమము' అను మూడు మాటలలో ఒక్కటైన పసుపుకుంకుమల వాసన లేనిది కలదా? అయినను భౌతికశాస్త్రపు శక్తి కొలతకు లొంగునది. లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలవరకు కాచుటకు సుమారు 2,93,000 జౌళ్లు కావలెను. అంతకు తగ్గిన నీరు ఎవరి మొగము చూచియు మరగదు. ఈశాన్యపు మూలనుండి పాజిటివ్ ఎనర్జీ వచ్చుచున్నదని చెప్పి గోడ పడగొట్టించిన వాస్తుపండితుని, 'ఎన్ని జౌళ్లు వచ్చుచున్నవండీ?' అని ఒక ఇంటి యజమాని అడిగినప్పుడు నేనచ్చటనే యుంటిని. ఆయన కోపగించుకొనలేదు; 'అది లెక్కలకందేది కాదండీ' అనెను. లెక్కలకందని దానికి లెక్కలవారి పేరెందులకు?

వీనికన్నిటికి పెద్దది 'శాస్త్రము' అను మాట. శాసించునది శాస్త్రమని ఒక యర్థము; అందులో పరీక్షకు తావులేదు, విధినిషేధములే కలవు. పరీక్షించి, తప్పినచో దిద్దుకొనునది శాస్త్రమని ఈ శతాబ్దులలో వచ్చిన యర్థము. ఈ రెండవ శాస్త్రము రైళ్లు నడపి, మశూచిని పారద్రోలి సంపాదించిన మర్యాదను, అదే పేరుగల మొదటి శాస్త్రము వచ్చి తన ఖాతాలో జమ కట్టుకొనుచున్నది. ఒకే పేరుగల ఇద్దరున్న ఊరిలో మనియార్డరు పొరపాటున రెండవవానికి చేరినట్లు. అందులోను జ్యోతిశ్శాస్త్రమునకు అనుకూలముగా చెప్పబడు వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. "పంచాంగంలో గ్రహణం ఘడియ విఘడియలతో సహా ముందే చెప్పలేదూ? చెప్పినట్టు పట్టలేదూ? అంత నిజం చెప్పిన శాస్త్రం నీ పెళ్లి విషయంలో అబద్ధం చెబుతుందా?" అని మా నాయనమ్మ అడుగుచుండెడిది. నేను వినిన సమర్థనములన్నిటిలో గట్టిది ఇదే. ఏలయన ఇందులో చూపబడిన సాక్ష్యము నిజమైనది.

ఆ సాక్ష్యము ఎవరిదో విచారింపవలెను. జ్యోతిషమను ఒక్క పేరుక్రింద గణితము, హోర, సంహిత యని మూడు స్కంధములున్నవని వరాహమిహిరుడే చెప్పినాడు. గ్రహణమును చెప్పునది గణితము. పెండ్లిని చెప్పునది హోర. 499వ సంవత్సరమున ఆర్యభటుడు తన గ్రంథములో సూర్యుని కప్పునది చంద్రుడనియు, చంద్రుని కప్పునది భూమి నీడయనియు స్పష్టముగా తెలిపియుండెను. వరాహమిహిరుడు సైతము గ్రహణమునకు రాహువు కారణము కాడనినాడు. గ్రహణమును లెక్కగట్టువానికి రాహువనగా చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు బిందువు. దానికి నోరు లేదు, పగ లేదు. పురాణము చెప్పువానికి రాహువనగా అమృతము దొంగిలించిన రాక్షసుని తల. లెక్కలో మొదటి రాహువు పలికిన సత్యమునకు బహుమానము రెండవ రాహువు పుచ్చుకొని, రాహుకాలములో ప్రయాణము కట్టవద్దని ఆజ్ఞాపించుచున్నాడు. గ్రహమను మాటయే అట్టిది: పట్టుకొనునది గ్రహము. పసిపిల్లలను పట్టు బాలగ్రహములు, ఆకాశమున తిరుగు అంగారక బుధులు, వెలిగించు సూర్యుడు, వెలుగు పుచ్చుకొను చంద్రుడు, రాతిముక్కయైన లేని, ఆ మార్గములు ఖండించుకొను రెండు బిందువులు, అన్నియు ఒక్క బుట్టలోనివే. అనగా 'శని పట్టినది' అను మాటలో నిరూపింపవలసినదంతయు పేరు పెట్టునప్పుడే ఒప్పుకొనబడినది.

అన్నంభట్టు గుంజలమధ్య నాయనమ్మ వాదమును నిలిపిన, గణితమను నర్థమున హేతువు పెండ్లి పొంతనయందు లేదు. మూడు స్కంధములు కలిసిన మొత్తమను నర్థమున, అది చెప్పినదెల్ల జరుగుననుటకు వ్యాప్తి లేదు. వ్యాప్తి లేదనుటకు దూరము పోనక్కరలేదు. ఉగాదినాడు రాజకీయపక్షముల కార్యాలయములలో జరుగు పంచాంగశ్రవణములను ఒక్క యేడు శ్రద్ధగా వినుడు. ఏ కార్యాలయములో చదివిన పంచాంగము ఆ కార్యాలయమువారికే అధికారయోగము చెప్పును. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము మన ప్రాంతముమీదుగా పోయినప్పుడు, హైదరాబాదు సమీపమున జపాల్ రంగాపురము వేధశాలయందు ఉస్మానియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు దుర్భిణులు బిగించి ఒక్కొక్క క్షణమును పట్టుకొనుచుండగా, ఆ వేధశాల చుట్టునున్న ఊళ్లలో తలుపులు మూసికొని కూర్చున్నవారెందరో. ఇరువురికిని గ్రహణము ఎన్నిగంటలకో చెప్పినది ఒక్క గణితమే.

2001లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఫలజ్యోతిషమును విశ్వవిద్యాలయములలో బోధింపనెంచినప్పుడు దానికి పెట్టిన పేరు జ్యోతిర్విజ్ఞానము. హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయమునకు సంస్థాపక సంచాలకుడైన పి. ఎం. భార్గవ మరికొందరితో కలిసి దానిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రశ్నించి, అచ్చట నెగ్గక సుప్రీంకోర్టుకు పోయెను. 2004లో ఆ న్యాయస్థానము, ఏమి బోధింపవలెనను విషయములో నిపుణుల సంఘము చేసిన నిర్ణయములో తాము జోక్యము చేసికొనుట తగదని అప్పీలును త్రోసివేసినది. న్యాయమూర్తుల సంకోచమును నేనర్థము చేసికొనగలను. ఆ పాఠ్యక్రమమునకు వరాహమిహిరుని మాటతో 'హోర' యని పేరు పెట్టియున్నచో ఎంత చర్చ తప్పెడిదో యనియే నా చింత.

ధర్మమను మాటను గురించి ఒక గ్రంథమే వ్రాయవచ్చును. ఒక్క సంగతితో విడిచెదను. నిప్పునకు కాల్చుట ధర్మము, నీటికి పల్లమునకు పారుట ధర్మము, అట్లే భార్యకు భర్తృసేవ ధర్మము, వానికి చెప్పులు కుట్టుట ధర్మము, వీనికి వేదము చదువుట ధర్మము అని ఒకే ఊపిరితో చెప్పుదురు. నైయాయికుని ధర్మము వస్తువునందున్న గుణము. స్మృతికారుని ధర్మము మనిషికి పెట్టిన పని. వీనిని వేరు చేయుటకు, 'ఇది తప్పవచ్చునా?' అని అడిగిన చాలును. నిప్పు తన ధర్మము తప్పజాలదు, అందుచేతనే కాల్చుమని నిప్పునకు ఆజ్ఞాపించు స్మృతి ఏ దేశమునను పుట్టలేదు. తప్పినవానికి ఇన్ని శిక్షలు వ్రాయబడినవనగా, అది వాని స్వభావము కాదని వ్రాసినవారికే తెలియును. బ్రాహ్మణశబ్దమును గురించియు ఇదే ఆట. వాత్స్యాయనుడు సామాన్యచ్ఛలమునకు ఉదాహరణముగా, బ్రాహ్మణునియందు విద్యాచారములుండుట సహజమే యన్నవానితో, అట్లయిన సంస్కారహీనుడైన వ్రాత్యుడును బ్రాహ్మణుడే గదా, వానియందును ఉండవలెనే యని పేచీ పెట్టువానిని చూపినాడు. ఆయన ఉద్దేశము పేచీ తప్పనుట. నాకు మాత్రము ఆ పేచీకోరుమీద కొంత గౌరవము కలదు. సభలలో వర్ణము గుణముచేతనే యని ఉపన్యసించి, ఇంటికి పోయి పిల్లకు సంబంధము చూచునప్పుడు గోత్రము, శాఖ అడుగు పెద్దలను చూచినప్పుడెల్ల, ఆ వాత్స్యాయనుని తుంటరివాడు ప్రక్కన నుండిన బాగుండునని తోచును.

ఇంతసేపు ఇతరుల తప్పులు చూపిన నేను, హేతువాదులైన మా వారి తప్పులు దాచుట న్యాయము కాదు. 'కనబడనిది లేదు' అని గర్జించు హేతువాది, కనబడుటయనగా కంటికి ఆనుట యని ఒకసారి, ప్రమాణమునకు అందుట యని మరొకసారి తలచుచు, ఎలక్ట్రాను మాట వచ్చినప్పుడు తడబడును. విగ్రహము పాలు త్రాగలేదు గనుక దేవుడు లేడని 1995లో కరపత్రము వేసిన మిత్రునకు, చెంచాలోని పాలతో తేలినది చెంచాలోని పాల సంగతియేనని నచ్చజెప్పలేక అలసితిని. నాస్తికశబ్దమే మమ్ము పలుమారులు మోసగించినది. పాణిని సూత్రము ప్రకారము లేదను మతి గలవాడు నాస్తికుడు, వ్యాఖ్యాతలు దానిని పరలోకమునకు వర్తింపజేసిరి. మనువునకు వేదనిందకుడు నాస్తికుడు. నేటి మాటలో దేవుని ఒప్పనివాడు నాస్తికుడు. జగత్కర్తయైన ఈశ్వరుని అంగీకరింపని పూర్వమీమాంసకులు వేదమును ప్రమాణముగా గ్రహించుటచేత ఆస్తికులలో చేరిరి. ఆ సంగతి మరచి, మన ప్రాచీనులలో సగము మంది నాస్తికులే యని మేము గొప్పలు చెప్పుకొనునప్పుడు మేమును పేరయ్యనే ఆశ్రయించుచున్నాము. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరా ఆ మాటను లేదనుటకు మాత్రమే పరిమితము కానీయక, మనిషి తన చేతలకు తానే బాధ్యుడనుటగా వివరించుటకు జీవితమంతయు శ్రమపడుటలో ఈ చిక్కు ఆయనకు తెలిసియుండెననియే నేననుకొందును.

త్రాగుటలోని పొరపాటుకు ఒకపూట పాలు పోయినవి. శాస్త్రములోని పొరపాటుకు కొన్ని సంబంధములు చెడినవి, కొన్ని గోడలు కూలినవి. ఒక్క మాటలోని పొరపాటుకు మాత్రము కోట్లమంది బ్రదుకులు బలియైనవి. ఆ మాట అచ్చ తెలుగుది, అంటు. అంటుకొనుటయనగా తగులుట. తగిలిన వచ్చు రోగము అంటువ్యాధి. భోజనము చేసిన గిన్నెలు అంట్లు. చావువలనను పురుటివలనను ఇంటికి వచ్చునది అంటు. నెలసరి స్త్రీకి వచ్చునది ముట్టు, అదియు తాకుటయే. ఊరి వెలుపల గుడిసె వేయించి ఉంచబడినవారు అంటరానివారు. కొమ్మను కొమ్మకు కట్టి పెంచిన మేలిరకపు మామిడియు అంటే. దీనిమీద కట్టిన అనుమానమిది: అంటు గలదానికి దూరముగా నుండుట ఆరోగ్యసూత్రము, మన యాచారము అంటు గలదానికి దూరముగా నుండుమన్నది, కావున మన యాచారము ఆరోగ్యసూత్రమే, మన పూర్వులు సూక్ష్మక్రిములను ముందే ఎరుగుదురు. చదువుకొన్నవారు, వైద్యవిద్య నేర్చినవారు సైతము దీనిని వల్లించుట నేను విన్నాను.

గుంజలమధ్యకు రమ్మందము. అంటు అనగా క్రిములు సోకుటయేనని అన్నచో, ఆచారము ఆ యంటును గుర్తించుచున్నదా? సబ్బుతో ఉతికి, ఇస్త్రీ చేసి, చాకలి తెచ్చి యిచ్చిన నూలుబట్ట మడికి పనికిరాదు. నెలల తరబడి నీరు తగులక పెట్టెలోనున్న పట్టుబట్ట మడికి పనికివచ్చును. నాచుపట్టిన కోనేటి నీరు శుద్ధము. కాచి చల్లార్చిన నీరు, ఇచ్చిన చేయి ఎవరిదో తెలియువరకు, శుద్ధము కాదు. జ్వరముతో దగ్గుచున్న మేనమామ వంటయింటిలోనికి రావచ్చును. ఏ రోగమును లేని పిల్ల, ఆ మూడునాళ్లు, తన యింటి గడపలోనే పరాయిది. వీనియందు క్రిముల హేతువు లేదు, అసిద్ధము. అంటు అనగా ఆచారము అంటని చెప్పినదెల్ల యని అన్నచో, దానికి ఆరోగ్యముతో వ్యాప్తి లేదు. ఇంతకును క్రిమికి ఒక్క సుగుణము కలదు: అది కులమడుగదు. కరోనా వ్యాపించిన 2020 మార్చిలో ప్రపంచారోగ్యసంస్థ 'సామాజిక దూరము' అను పేరును మాని 'భౌతిక దూరము' అనుట మేలని సూచించుటకు ఆ సంస్థ కారణములు ఆ సంస్థకుండవచ్చును. మన దేశములో ఆ మొదటి మాటకు ఆ వైరసు పుట్టక పూర్వమే అర్థముండెను, అందుచేత దానిని చాలమంది సంతోషముతో ఆహ్వానించిరి.

మాటలోని ఈ చిక్కును మన ధర్మాసనము ఒకసారి చక్కగా విప్పినది. రాజ్యాంగపు 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేయుచు, దానిని నిర్వచింపదు. ఆంగ్లపాఠములో ఆ మాటను ఉద్ధరణచిహ్నములలో ఉంచి ఊరకుండును. 1955లో వచ్చిన అంటరానితనపు నేరముల చట్టమును దానిని నిర్వచింపలేదు. 1958లో మైసూరు హైకోర్టు ముందు ఈ ప్రశ్న వచ్చినప్పుడు, ఆ చిహ్నములు అచ్చుపనివాని అలంకారము కాదనియు, మాట యొక్క వ్యుత్పత్త్యర్థమును పట్టుకొన్నచో అంటువ్యాధిగ్రస్తులను, పురుటి చావు మైలలు పాటించువారిని కూడ అందులో చేర్చవలసి వచ్చుననియు, అధికరణము ఉద్దేశించినది ఆ యర్థమును కాక ఈ దేశములో చరిత్రక్రమమున పెరిగిన దురాచారమునే యనియు నిర్ణయించినది. వాత్స్యాయనుడు చదివినచో మెచ్చుకొనియుండెడివాడు.

నాకు పరిచయమున్న ఒక విశ్రాంతోద్యోగి, సౌమ్యుడు, పదిమందికి సాయము చేయువాడు, ఆ 2020 వేసవిలో నాకు ఫోనుచేసి, మన యాచారముల గొప్పతనమును ప్రపంచము ఇప్పటికి తెలిసికొన్నదని గంటసేపు చెప్పెను. ఆయన పెరటిలో అంటుమామిడి విరగకాయును. ఏటేట మాకు పండ్లు పంపును. ఆయన వీధి ఊడ్చు ముసలమ్మకు ప్రతి ఉదయము కాఫీ యిచ్చుటకు వెనుక వసారాలో ఒక గూడు, ఆ గూటిలో ఒక స్టీలు గ్లాసు కలవు. ఆమె త్రాగి, తానే కడిగి, తానే బోర్లించి పోవలెను. రోగభయమున్న దినములు గనుక జాగ్రత్త మంచిదేనని నేనంటిని. రెండేండ్ల తరువాత, ముఖములకు కట్టుకొన్న గుడ్డలు మాయమై, పెండ్లిపందిళ్లు మరల క్రిక్కిరిసినప్పుడు, మామిడిపండ్లకని వారింటికి పోయితిని. ఆయన నన్ను కౌగిలించుకొని లోనికి తీసికొనిపోయి, తాను త్రాగు గ్లాసుల జతలోనిదే నాకిచ్చి, ప్రక్కన కూర్చుండి కాఫీ త్రాగెను. చేయి కడుగుకొనుటకు వెనుక వసారాలోనికి పోయినప్పుడు చూచితిని: గూడు అచ్చటనే యున్నది, గ్లాసు బోర్లించి యున్నది.